జలపాతమునకు మిగిల్చిన నీరు



ఒక వేసవిలో మేము తొమ్మిదవ తరగతి పిల్లలను వెంట నిడుకొని డుడుమ జలపాతమును చూడబోతిమి. మాచ్‌ఖండ్ నది సుమారు 175 మీటర్ల ఎత్తునుండి క్రిందికి దూకు తావది. దారి పొడవునను పిల్లలు తమ తాతలు చెప్పిన మాటలే చెప్పుకొనుచుండిరి. ఆ హోరు చాల దూరమునకు వినవచ్చెడిదట. ఆ తుంపర లోయపై మబ్బువలె నిలిచెడిదట. తీరా పోయి చూడగా ఎదుట నల్లని కొండబండ, దానిపై నూలుపోగువలె జారుచున్న సన్నని ధార మాత్రమే కనబడినవి. ఒక బాలిక మా వంక చూచి, "మాష్టారూ, నీళ్ళేవండీ?" అని యడిగినది.

ఈ ప్రశ్నకు సమాధానము కష్టమైనది కాదు. నది నీటిని పైననే ఆపి, గొట్టముల వెంట దింపి, 1955 మొదలు విద్యుత్తును తీయుచున్నారు. ఆంధ్ర, ఒడిషా రాష్ట్రములు రెండును కలిసి నడుపుకొను కేంద్రమది. వానకాలమున జలపాతమునకు మరల జీవము వచ్చును, వేసవిలో సన్నగిల్లును. ఇంతవఱకు చెప్పి ఊరకుంటిమి. కాని ఆ బాలిక విడువలేదు. "మనకి దీపాలు కావాలి, నిజమేనండీ. కాని దానికీ కొంచెం వదిలితే బాగుండును గదండీ?" అన్నది.

ఈ రెండవ ప్రశ్నకు మేము వెంటనే ఉత్తరము చెప్పలేకపోతిమి. తరువాత గ్రంథములు తిరుగవేయగా, సరిగా ఈ ప్రశ్ననే ఎదుర్కొని, నీటిని కొలిచి పంచుకొన్న సీమ యొకటి నార్వే దేశమున కనబడినది. దానిని గూర్చియే ఈ పాఠము. మేము ఆ దేశమును కన్నులార చూచినవారము కాము. పటమును ముందుంచుకొని, చూచివచ్చినవారి వ్రాతలను తోడు తీసికొని, మీతో కూడ నడచెదము.

లోయ ఏర్పడిన విధము

ఐరోపా పటమున వాయవ్య దిక్కున సముద్రము నానుకొని పొడవుగా నున్న దేశము నార్వే. దాని పడమటి తీరము చినిగిన గుడ్డ యంచువలె చీలికలు చీలికలుగా కనబడును. ఈ చీలికలలో సముద్రము కొండల నడుమకు చొచ్చుకొని వచ్చినది. వీనినే ఫియోర్డు లందురు. వానిలో హార్దాంగర్ ఫియోర్డు 179 కిలోమీటర్ల పొడవు కలది. ఆ దేశమున పొడవునందు రెండవది. దాని తూర్పు కొనలలో నొకదానియొద్ద ఎయిద్‌ఫియోర్డు అను చిన్న గ్రామము కలదు. ఆ గ్రామమునకు తూర్పున హార్దాంగర్‌విద్ద అను మహా పీఠభూమి లేచియున్నది. సముద్రమట్టమునకు వేయి మీటర్లకు పైబడిన ఎత్తున, చెట్టు లేక, నాచును గడ్డియు రాళ్ళును సరస్సులును నిండియుండు భూమియది. రెయిన్‌డీరు లను అడవి జింకలు అందు మందలుగా తిరుగును. 1981లో దానియందు 3,400 చదరపు కిలోమీటర్లకు మించిన భాగమును జాతీయోద్యానముగా ప్రకటించిరి.

పీఠభూమి పైన, సముద్రము క్రింద. రెంటికి నడుమ దూరము మాత్రము స్వల్పము. పైన కురిసిన మంచు వేసవిలో కరగి సముద్రమును చేరవలెనన్న, ఈ కొద్ది దూరములోనే వేయి మీటర్లు దిగవలెను. అందుచే ఆ ప్రాంతమున జలపాతములు పుట్టక తప్పదు.

ఇంకొక కారణము గూడ కలదు. పూర్వము మంచుయుగములలో ఆ దేశమునంతయు మంచు కప్పియుండెను. బరువైన మంచు లోయల వెంట మెల్లగా జరుగుచు, అడుగున నున్న బండలను గీకి గీకి త్రవ్వినది. ఇట్లు జరుగు మంచునే హిమానీనదమందురు. పెద్ద లోయలో మంచు దట్టము గనుక అది లోతుగా త్రవ్వబడినది. ప్రక్కలోయలలో మంచు తక్కువ గనుక అవి లోతు తక్కువగా మిగిలినవి. సుమారు పదివేల యేండ్ల క్రిందట మంచు కరగిపోగా, ప్రక్కలోయలు పెద్దలోయల గోడలపై వ్రేలాడుచున్నట్లు నిలిచిపోయినవి. వానినుండి వచ్చు నీరు దూకుటయే గాని ప్రవహించుటకు వీలులేదు. మన తూర్పు కనుమలను మంచు చెక్కలేదు. వానను, నదులును, బండల భేదమును కలిసి చెక్కినవి. రెండు దేశముల జలపాతములు చూపునకు ఒక్కటిగానున్నను పుట్టుకలు వేఱు.

పేర్ల సంగతి

నార్వే పేర్లు మొదట మనకు నోరు తిరుగవు. కాని కొన్ని ముక్కలు తెలిసినచో పటము చదువుట సులభము. "ఫొస్" అనగా జలపాతము. "దాల్" అనగా లోయ. "విద్ద" అనగా విశాలమైన పీఠభూమి. ఆంగ్లమున నామమునకు ముందు వచ్చు నిర్దేశకము వారి భాషలో నామమునకు చివర చేరును. "దాల్" లోయ యైన, "దాలెన్" ఆ లోయ. మన విభక్తి ప్రత్యయములు పదము చివర చేరుట మీకు తెలిసినదే. కావున ఇది మనకు వింతగా తోచరాదు.

ఆ భాషకు రెండు వ్రాత రూపములు కలవు: బూక్‌మోల్, నీనోర్స్క్. మొదటిది దేశమున అధిక సంఖ్యాకులది. రెండవది 19వ శతాబ్దమున ఈవార్ ఓసెన్ అను పండితుడు పల్లెల మాండలికములను సేకరించి కూర్చినది. 1885లో రెంటికిని సమాన గౌరవము నొసగిరి. హార్దాంగర్ ప్రాంతమున వాడుకలో నున్నది నీనోర్స్క్. తక్కువమంది వాడు రూపమైనను, పాఠ్యపుస్తకములు రెండు రూపములలోను ఒకే కాలమున, ఒకే వెలకు లభింపవలెనని అక్కడ చట్టము కలదు. పుస్తకములకై బడి తెరచిన పిదపకూడ ఎదురుచూచుట యేమో ఎఱిగిన మన పిల్లలకు ఈ సంగతి తెలియుట మంచిదని వ్రాసితిమి.

మెట్ల దారి

ఇక నడక మొదలుపెట్టుదము. ఎయిద్‌ఫియోర్డు గ్రామమునకు వెనుక ఒక సరస్సు, ఆ సరస్సునకు ఆవలికొనయందు ఎగువ ఎయిద్‌ఫియోర్డు అను పల్లె. అచ్చటినుండి మోబోదాలెన్ అను ఇఱుకు లోయ తూర్పునకు పోవును. ఇరుప్రక్కల నిట్టనిలువు రాతిగోడలు. నడుమ బ్యోరేయో అను నది నురుగులు గ్రక్కుచు దిగును. ఈ లోయ తలాపుననే వోరింగ్స్‌ఫొస్సెన్ జలపాతము కలదు. నార్వే దేశమున మిక్కిలి పేరుపొందిన జలపాతము లలో నిది యొకటి. మొత్తము పాతము 182 మీటర్లు. డుడుమకు కొంచెము మిన్న.

ఇప్పుడు మోటారు బాట కొండలోని సొరంగములలో మెలికలు తిరుగుచు పైకి పోవును. బండిలో కూర్చున్నవానికి లోయ సగము కనబడదు. అట్లుగాక, బాట లేని కాలమున జనులు నడచిన పాతదారి యొకటి నేటికిని మిగిలియున్నది. తూర్పు నార్వేకును పడమటి తీరమునకును నడుమ జరిగిన రాకపోకలకు ఇదియు నొక త్రోవ. గుఱ్ఱములపై సరకు లెక్కించి, పశువులను తోలుకొని, ఈ కొండదారిని ఎక్కి దిగుచుండిరి. ఇందు రాతిమెట్లు సుమారు 1,500, మలుపులు 125. తిరుమల కొండను కాలినడకను ఎక్కినవారికి మెట్లదారి యననేమో చెప్పనక్కరలేదు. అయితే ఇక్కడ మెట్లు ఒకే తీరున నుండవు. ఒకటి మోకాలెత్తు, ఒకటి జానెడు. కొన్ని వానకు తడిసి నాచుపట్టి జారును. ఊపిరి నిలుపుకొనుటకై ప్రతి మలుపునను ఆగుదురు. ఆగినప్పుడెల్ల లోయ ఇంకొంచెము లోతుగా కనబడును. నది శబ్దము మాత్రము విడువక వెంటవచ్చును.

జలపాతము పాదమునకు పోవు దారి వేఱు. అది నది వెంట దొర్లిన బండల మీదుగా, ఒక వ్రేలాడు వంతెనను దాటి పోవును. దూరము కొద్దియే గాని నేల సమము కాదు. పైనుండి రాళ్ళు జారు భయముగూడ కలదు గనుక, ఆ యూరివారి నడిగి, వారు పొమ్మన్నప్పుడే పోవలెను. చివరకు చేరునప్పటికి తుంపరచే బట్టలన్నియు తడియును. పైకి చూచిన ఆకాశము బావిలోనుండి చూచినట్లు చిన్న ముక్కగా కనబడునట. గాలి నీటిని ఒకప్రక్కకు నెట్టుచు, మరల విడుచుచుండును.

కొండపై అంచునకు చేరినచో దృశ్యము మాఱును. 1891లో అచ్చట ఫొస్లీ అను వసతిగృహమును కట్టిరి. అప్పటికి మోటారు బాట లేదు. కట్టుటకు కావలసిన సామగ్రి గుఱ్ఱములపైననే పైకెక్కినది. 1896 వేసవిలో ఎడ్వర్డ్ గ్రీగ్ అను ప్రసిద్ధ సంగీతకర్త అందు బసచేసి, తన దేశపు జానపద గీతముల వరుసలను పియానోకు కూర్చెనని చెప్పుదురు. ఈ అంచున పూర్వము కంచె చాలక, కాలుజారి పడి ప్రాణములు పోగొట్టుకొన్నవారు కలరు. ఇటీవల గట్టి కమ్ములు, చూపుతావులు నిర్మించిరి. 2020లో నదికి అడ్డముగా 99 మెట్లుగల వంతెనను తెరచిరి. ఒక గట్టు ఎత్తు, రెండవది పల్లము గనుక వంతెనయే మెట్లుగా దిగును. దానిపై నిలిచినవాని కాళ్ళక్రిందనే నది కొండ యంచును విడిచిపోవును.

రాతితో కొలిచిన పండితుడు

ఈ జలపాతమును గూర్చి బయటి ప్రపంచమునకు తెలిసినది 1821లో. క్రిస్టఫర్ హాన్స్‌టేన్ అను ఆచార్యుడు, అప్పుడు క్రిస్టియానియా అనబడిన ఇప్పటి ఓస్లో నగరపు విశ్వవిద్యాలయమున ఖగోళశాస్త్రము బోధించువాడు, శాస్త్రకార్యార్థమై ఆ వైపు ప్రయాణము చేయుచు దీనిని చూచెను. ఆయన దీనిని "కనుగొనెను" అని వ్రాయువారు కలరు. అది సరికాదు. ఆ లోయలోని కాపులు తరతరములుగా దాని హోరునందే నిద్రించి లేచినవారు. ఆయన చేసినది వేఱొకటి: దానిని కొలువ దలచెను.

చేత పొడవైన త్రాడు లేదు. కొండయంచున నిలిచి రాళ్ళను క్రిందికి విడిచి, అవి పడుటకు పట్టు కాలమును జేబు గడియారముతో లెక్కించెను. మీరు బడిలో చదువు సూత్రమే యిది. విడిచిన వస్తువు పడిన దూరము కాలము యొక్క వర్గముననుసరించి పెరుగును. కాలమును సెకండ్లలో తీసికొని, దానిని దానిచేతనే గుణించి, ఆ ఫలమును 4.9తో గుణించిన దూరము మీటర్లలో వచ్చును. 5 సెకండ్లకు 122 మీటర్లు. 6 సెకండ్లకు 176. 7 సెకండ్లకు 240.

హాన్స్‌టేన్ గారు కట్టిన లెక్క సుమారు 280 మీటర్లు. నిజమైన పాతము 182. దాదాపు నూరు మీటర్ల భేదము! పండితుడింత పొరబడెనా యని నవ్వవలదు. లెక్క వేసి చూడుడు. 182 మీటర్లు పడుటకు రాతికి 6.1 సెకండ్లు చాలును. 280 మీటర్లకు 7.6 సెకండ్లు. భేదము ఒకటిన్నర సెకండు మాత్రమే. కాలము వర్గమగుటచే, గడియారమున చిన్నతప్పు దూరమున పెద్దతప్పుగా బయటపడును.

ఇట్టి కొలతలో మూడు దోషములు చొరబడును. రాయిని గాలి అడ్డగించుటచే సూత్రము చెప్పినదానికంటె ఆలస్యముగా పడును. రాయి పడిన శబ్దమును విని లెక్కించినచో, ఆ శబ్దము పైకి వచ్చుటకే అర సెకండునకు పైగా పట్టును. కన్ను చూచి, మనస్సు గ్రహించి, చేయి గడియారమును ఆపులోపల కొంత కాలము గడచును. మూడును కాలమును పెంచునవే. కావున ఎత్తును ఎక్కువగా చూపునవే. అయినను ఆయన చేసిన పనిని మేము గౌరవింతుము. "చాల ఎత్తు" అని వ్రాసి ఊరకొన్నచో ఎవరును సరిదిద్దలేరు. "280" అని వ్రాసెను గనుకనే తరువాతివారు సరిదిద్దగలిగిరి. మేము ఉపాధ్యాయ శిక్షణకై పొరుగు రాష్ట్రమునకు పోయిన దినములలో, మా విజ్ఞానశాస్త్రపు గురువుగారు పాడుబావిలో రాళ్ళు వేయించి లోతు కట్టించెడివారు. త్రాడుతో సరిచూడగా ఒక్కరిదియు సరిపడలేదు. ఆయన తప్పులను కొట్టివేయక, పలకపై వరుసగా వ్రాసి, ఏల తప్పెనో చెప్పుమనెడివారు.

నీటిని పంచుకొన్న విధము

ఇప్పుడు ఆ బాలిక రెండవ ప్రశ్నకు వచ్చెదము.

నార్వేలో విద్యుత్తు చాలవఱకు నీటినుండియే పుట్టును. అంత ఎత్తైన పీఠభూమి, అంత సమీపమున సముద్రము ఉన్న దేశమున అది సహజము. ఎయిద్‌ఫియోర్డు పరిసరముల నదులను విద్యుత్తునకు మళ్ళించు పథకమును ఆ దేశపు పార్లమెంటు 1973లో అంగీకరించినది. దానినిగూర్చి వాదప్రతివాదములు తీవ్రముగా జరిగినవి. 1980లో కొండలోపల తొలిచిన సీమ అను విద్యుత్కేంద్రము ప్రారంభమైనది. (పేరు విని మన సీమ యనుకొనరాదు, అది సీమదాలెన్ అను లోయ పేరు.) దాని శక్తి 1,120 మెగావాట్లు. పైన స్యూసెన్ అను సరస్సునకు 81 మీటర్ల ఎత్తు, 1,160 మీటర్ల పొడవు గల రాతికట్టను వేసిరి. బ్యోరేయో నదిలోనికి దిగవలసిన నీరు అచ్చట ఆగి, సొరంగముల వెంట ప్రక్కలోయకు పోయి, సుమారు 900 మీటర్ల ఎత్తునుండి టర్బైనులపై పడును.

నీరంతయు సొరంగమున పోయినచో జలపాతము మాటయేమి? ఇక్కడనే కొలత వచ్చినది. జూన్ 1వ తేదీ మొదలు సెప్టెంబరు 15 వఱకు, అనగా జనులు చూడవచ్చు వేసవి దినములలో, వోరింగ్స్‌ఫొస్సెన్ యందు సెకండునకు 12 ఘనమీటర్లకు తక్కువ నీరు ఉండరాదని నియమము చేసిరి. నదిలో సహజముగా అంత లేనప్పుడు, కొఱతను ఆనకట్టనుండి వదలవలెను.

12 ఘనమీటర్లనగా ఎంత? 12,000 లీటర్లు. 15 లీటర్ల బిందెతో లెక్కించిన, సెకండునకు 800 బిందెలు. దినమునకు పది లక్షల ఘనమీటర్లకు పైగా. ఆ నియమము నడచు 107 దినములకు సుమారు 11 కోట్ల ఘనమీటర్లు. ఈ నీటినంతయు 900 మీటర్ల ఎత్తునుండి యంత్రములపై దింపినచో, నష్టములు పోను, సుమారు 95 వేల కిలోవాట్ల శక్తి ఎడతెగక వచ్చును. కావున జలపాతమునకు నీరు వదలుట ఊరక దొరకిన పుణ్యము కాదు. దానికి వెల కలదు. ఆ వెల యెంతయో తెలిసియే వదలిరి.

దీనిని మేము పూర్తి విజయమని చెప్పము. వేసవి గడచిన పిదప ఈ నియమము లేదు. చలికాలమున జలపాతము సన్నగిల్లిపోవును. చూడవచ్చువారు ఉన్నప్పుడు మాత్రమే పారు నది నదియేనా, ప్రదర్శనమా యని అడుగువారు కలరు. ఆ ప్రశ్న న్యాయమైనదే. చేపలకును, నాచునకును, తుంపరచే బ్రతుకు మొక్కలకును సెలవు దినములు లేవు గదా!

ఆ మండలముననే మఱి రెండు జలపాతములను చేర్చి చూచినచో విషయము తేటపడును. సీమదాలెన్ లోయలో షూక్యెదాల్స్‌ఫొస్ అను జలపాతము 300 మీటర్లు నిలువున పడుచుండెడిది. దాని నీరు ఆ విద్యుత్కేంద్రమునకే పోయినది. ఇప్పుడు చాలవఱకు అచ్చట కనబడునది బండయే. దానికి దక్షిణమున యోల్మోదాలెన్ అను వేఱొక లోయ కలదు. అందు వెయిగ్ అను నది వాలురెఫొస్సెన్ అను జలపాతమై సుమారు 270 మీటర్లు దిగును. ఆ నదిని విద్యుత్తునకు మళ్ళింపలేదు. దానిని చూడగోరువారు ఇఱుకైన కొండబాటపై బండిని నడిపి, పిదప కాలినడకను పోవలెను.  మంచు కరగు జూన్ మాసమున ఆ నీరు తన యిచ్చవచ్చినట్లు దూకును.

ఒకే మండలము, మూడు లోయలు, మూడు గతులు. ఒకదానినుండి తీసికొనిరి. ఒకదానిని పంచుకొనిరి. ఒకదానిని ముట్టలేదు. నార్వేవారు దీపములను వలదనలేదు. జలపాతములన్నింటిని కాపాడుకొనను లేదు. ఏ నదినుండి ఎంత తీసికొనవలెనో ఒక్కొక్కదానిని ఎదుట పెట్టుకొని వాదించి, అంకె వ్రాసికొనిరి. అంకె వ్రాసియున్నచోట దానిని పెంచుమని గాని తగ్గించుమని గాని అడుగుటకు వీలుండును.

నీటిని కొలుచు సులభోపాయము

మన ఊరి వాగును గూడ కొలువవచ్చును. వాగు తిన్నగా పారుచోట వెడల్పును, సగటు లోతును మీటర్లలో కొలువుడు. గట్టున 10 మీటర్ల దూరమునకు రెండు పుల్లలు పాతుడు. ఎగువ పుల్లయొద్ద ఒక ఆకును వదలి, దిగువ పుల్లను చేరుటకు పట్టిన సెకండ్లను లెక్కించుడు. వెడల్పు 2 మీటర్లు, లోతు 0.3 మీటరు, ఆకు 20 సెకండ్లలో పోయినదనుకొందము. వేగము సెకండునకు అర మీటరు. మూడింటిని గుణించిన 0.3 ఘనమీటరు. అడుగున నీరు పైనీటికంటె మెల్లగా పోవును గనుక ఐదింట నాలుగు పాళ్ళు తీసికొన్న 0.24. అట్టి వాగులు 50 కలిసినచో వోరింగ్స్‌ఫొస్సెన్ వేసవి నీరగును.

పెద్దవారు ఒకరు తోడులేక ఎవరును నీటిలో దిగరాదు. వానకాలమున గట్టునకు సైతము పోరాదు.

కొండ నడకకు నియమములు

నార్వేలో కొండలందు నడచుట జనులకు హక్కు. 1957లో చేసిన చట్టముచే, సాగులో లేని భూమిపై, అది ఎవరిదైనను, ఎవరైనను కాలినడకను పోవచ్చును. 1868లో ఏర్పడిన పర్వతారోహక సంఘమువారు దారి పొడవున రాళ్ళపై ఎఱ్ఱని "టీ" అక్షరమును వ్రాసి గుర్తులు పెట్టుదురు. హక్కుతోపాటు క్రమశిక్షణ గూడ కలదు. కొండకు పోవువారికి తొమ్మిది నియమములను ఆ దేశపు పిల్లలకు బడిలోనే నేర్పుదురు. ఎక్కడికి పోవుచున్నది ఇంట చెప్పిపోవుట, వాతావరణ సూచనను వినుట, వెచ్చని బట్టలును పటమును వెంట నుంచుకొనుట, శక్తిని దాచుకొనుట అందులోనివి. మాకు మిక్కిలి నచ్చినది వేఱొకటి: సమయము మించకముందే వెనుకకు మరలుడు, మరలుటలో సిగ్గు లేదు అని. మన విహారయాత్రలలో ఇది యొక్కటి పాటించినను చాలును. జలపాతము అంచున నిలిచి, ఇంకొక అడుగు ముందుకు వేసి చిత్రము తీయించుకొన దలచిన బాలురు దీనిని వ్రాసి ఉంచుకొందురు గాక!

ముగింపు

ఈ పాఠమును వ్రాయుటకు ముందు ఆ బాలికను పిలిచి, పన్నెండు ఘనమీటర్ల సంగతి చెప్పితిమి. ఆమె కొంతసేపు లెక్క వేసికొని, "మరి డుడుమకి ఎన్నండీ?" అని యడిగినది. ఆ అంకెను మేము చెప్పలేదు. రానున్న వానకాలము మొదలు వేసవి చివర వఱకు, మన ఊరి వాగును నెలకొకసారి కొలిచి, ఒక పుస్తకమున వ్రాసిపెట్టుడని తరగతికి చెప్పితిమి. చిన్న వాగున చేయి తిరిగినవారు పెద్దనదిని గూర్చి అడుగునప్పుడు, ఆ ప్రశ్నను పెద్దలు తేలికగా త్రోసివేయజాలరు. పుస్తకము తరగతి బీరువాలో ఉంచబడినది. మొదటి పుటపై తేదీ వేయుటకు ఆమెనే నియమించితిమి.

అభ్యాసము

1. ఫియోర్డు అనగానేమి? నార్వే పడమటి భాగమున జలపాతములు అధికముగా నుండుటకు రెండు కారణములు వ్రాయుడు.

2. ఒక రాయి కొండయంచునుండి పడుటకు 4 సెకండ్లు పట్టినది. ఎత్తెంత? లెక్కించినవాడు అర సెకండు ఆలస్యముగా గడియారమును ఆపినచో అతనికి వచ్చు ఎత్తెంత?

3. జలపాతమును హాన్స్‌టేన్ "కనుగొనెను" అనుట ఏల సరికాదు? మన ప్రాంతమున ఇట్టి మాట దేనిని గూర్చియైనను వాడుచున్నారా?

4. వేసవిలో మాత్రమే జలపాతమునకు నీరు వదలుట న్యాయమా? అనుకూలముగ ఐదు వాక్యములు, ప్రతికూలముగ ఐదు వాక్యములు వ్రాయుడు.

5. మీ ఊరి వాగును ఒక పెద్దవారి తోడుతో కొలిచి, వెడల్పు, లోతు, వేగము, ప్రవాహము అను నాలుగు గడులతో పట్టిక తయారుచేయుడు.